లోయిస్ రాసి పెట్టిన చూచిరాత

వెండెల్ యార్నెల్ రాసిన చీటీని చదవగలిగిన మనిషి మా లోయలో ఒక్కతే ఉండేది. అతను ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

అతనిది పాల ట్యాంకరు నడిపే పని. పద్నాలుగు డెయిరీలు తిరిగేవాడు. ఒక్కో పాలగదిలో ట్యాంకులోకి కొలకర్ర దించి, పాలు ఎంత చల్లగా ఉన్నాయో ఫారన్‌హీట్‌లో చూసి, చిన్న సీసాలో కాసిని శాంపిల్ పట్టి, ఆ అంకెలు చీటీ మీద వేసి గోడకున్న క్లిప్పుకు తగిలించేవాడు. తర్వాత గొట్టం బిగించి పాలు తోడుకుని పోయేవాడు. పని శుభ్రంగా చేసేవాడు. చీటీ మాత్రం కోడి గీరినట్టు ఉండేది. అన్నీ క్యాపిటల్ అక్షరాలే, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చునేవి.

"ఒరే వెండెల్, నిన్న నా పాలు ఎనభై ఏడు డిగ్రీలని రాశావు. అవి పాలా, స్నానానికి కాచిన నీళ్లా?" అని పక్క పొలం ఆర్డెన్ బిట్నర్ ఒకసారి పదిమందిలో అడిగాడు.

"అది ముప్పై ఏడు, బాబాయ్."

"మూడుకి అంత పొట్ట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"చలికి చెయ్యి వంకర పోయింది."

"జూన్ నెలలోనా!"

లోయిస్ పాల కేంద్రం ఆఫీసులో టైపిస్టు. వెండెల్ చీటీలను తోటివాళ్లు మెల్లగా ఆమె బల్ల మీదికి తోసేవారు. ఆమె ఒక్కో అక్షరం ఎటు నుంచి బయల్దేరి ఎటు పోయిందో వేలితో గాలిలో గీసి చూసుకుని చదివేసేది. "నువ్వు అక్షరాన్ని కింద నుంచి మొదలుపెడతావు. అందుకే ఎవరికీ అంతుబట్టదు" అని ఒకరోజు అతనితోనే చెప్పింది. ముప్పై అయిదు దాటిన ఆ మనిషిని అంతవరకూ ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు. మరుసటి ఏడు పెళ్లయింది. ఆ పై ఏడు కెజియా పుట్టింది. అందరూ కెజ్జీ అనేవారు.

కెజ్జీకి చదువు ఇంట్లోనే అని లోయిస్ తేల్చేసింది. అప్పటికే, అంటే తొంభైల మొదట్లో, మా లోయలో ఇరవై ఇళ్లలో పిల్లలు వంటింటి బల్ల దగ్గరే చదువుకునేవారు. కొందరిది భక్తి. కొందరిది బడి బస్సు గంటన్నర తిరుగుతుందన్న విసుగు. లోయిస్ తనది రెండోదే అనేది, మొదటిది కూడా కొంత ఉండేది. పెన్సిల్వేనియాలో దానికి ఒక పద్ధతి ఉంది. ఏటా జూన్ నెలాఖరులోగా టీచరు లైసెన్సున్న ఒకరు పిల్ల చేసిన పనంతా తిరగేసి, చదువు సాగుతోందని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే సెప్టెంబరులో బస్సెక్కాల్సిందే.

ఆ బల్ల దగ్గర రోజూ మొదటి పని చూచిరాత. మిగతా ఇళ్లలో కేటలాగు చూసి అచ్చు పుస్తకాలు తెప్పించుకునేవారు. లోయిస్ తనే రాసేది. కాగితం పైభాగాన తన గొలుసుకట్టు రాతలో రెండు వాక్యాలు, కింద ఖాళీ గీతలు. వాక్యాలు కూడా సొంతవే. "ఆర్డెన్ గారి నల్లకోడి గుడ్లు పెట్టడం మానేసి ఊరేగింపులు మొదలుపెట్టింది." "మంచు కరిగేటప్పుడు వాగు ముందు మాట్లాడుతుంది, తర్వాత అరుస్తుంది." అలాంటివి.

"అచ్చు పుస్తకం నాలుగు డాలర్లే కదా" అన్నాడు వెండెల్.

"అచ్చు అక్షరానికి చెయ్యి ఉండదు. పిల్ల దేన్ని చూసి నేర్చుకోవాలి?"

ఆమె నియమం ఒకటే. ఉన్నది ఉన్నట్టు రాయాలి. సొంత తెలివి కలపకూడదు. తొందర పడకూడదు. ఒక్క గీత రాసినా చాలు, అది పై గీతలాగే ఉండాలి. రాయడం అయ్యాక కెజ్జీ ఇంకో కాగితం మీద అదే వాక్యం మళ్లీ ఒకసారి రాసేది. లోయిస్ ఆ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించేది. వెలుతురులో పిల్ల అక్షరం తల్లి అక్షరం మీద కూర్చుంటే ఆ రోజుకి చూచిరాత అయినట్టు. కూర్చోకపోతే, "ఈ 'జీ' అక్షరం తోక చూడు, చలికి ముడుచుకుంది పాపం" అని నవ్వేది. కెజ్జీ ఏడవకుండా మళ్లీ రాసేది. ఏడేళ్లకు ఆ పిల్ల రాత తల్లి రాతే. మార్కెట్టుకు రాసిచ్చిన చీటీ ఎవరు రాశారో వెండెల్‌కు తెలిసేది కాదు.

కెజ్జీకి ఎనిమిదేళ్లప్పుడు లోయిస్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆమె మేనమామకు అదే నరాల జబ్బు ఉండేది. చివర్లో అతను చెంచా కూడా పట్టలేకపోయాడు. పెద్దాసుపత్రి వాళ్లు చెప్పింది విని ఇంటికొచ్చాక, లోయిస్ ఒక బూట్ల పెట్టె ఖాళీ చేసి, రూళ్ల కాగితాల కట్ట ముందు వేసుకుని కూర్చుంది. నవంబరు నుంచి మార్చి దాకా రాసింది. మూల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ రెండు వందల కాగితాలు.

వెండెల్‌కు అది నచ్చలేదు. ట్యాంకరులో పాలు దించి పగలు పదకొండింటికి ఇంటికొస్తే ఆమె రాస్తూ ఉండేది. భోజనమయ్యాక రాస్తూ ఉండేది. అతను ఎదురుగా కాఫీ పట్టుకుని కూర్చునేవాడు. "కాసేపు ఆపొచ్చు కదా" అంటే, "ఇప్పుడు కుదరదు, చెయ్యి బాగుంది" అనేది. చెయ్యి బాగాలేనప్పుడు పడుకునేది. ఆ చలికాలంలో ఇద్దరూ కలిసి కూర్చున్న గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మే నెలలో ఆమె పోయింది. ఇంట్లో ఆమె చేత్తో రాసినదంతా ఆ పెట్టెలో ఉంది, అదంతా పిల్లకి. తనకంటూ ఒక్క ముక్క లేదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. పెట్టె మూత మాత్రం తీసేవాడు కాదు.

అంత్యక్రియలైన మూడో రోజు పొద్దున కెజ్జీ తనంతట తానే పెట్టె తెరిచి మొదటి కాగితం తీసుకుంది. అప్పటి నుంచి వారానికి నాలుగు. తెల్లవారుజామున వెండెల్ ఆమెను బిట్నర్ల ఇంట్లో దింపి డ్యూటీకి పోయేవాడు. పదకొండింటికి తండ్రీకూతుళ్లు వంటింటి బల్ల దగ్గర చేరేవారు. లెక్కలు అతను దిద్దేవాడు. చరిత్ర ఇద్దరూ వంతులవారీగా చదివేవారు. చూచిరాత కెజ్జీ ఒక్కతే చేసుకునేది. ఆ పది నిమిషాలూ అతను గిన్నెలు కడిగేవాడు.

ఏప్రిల్‌లో అల్‌టౌస్ టీచరు వచ్చింది. జూన్‌లో సంతకం పెట్టేది ఆవిడే, మధ్యలో ఒకసారి వచ్చి చూసిపోవడం ఆవిడ అలవాటు. డెబ్భై ఏళ్లుంటాయి. లోయలో సగం మందికి మూడో తరగతి చెప్పింది, వెండెల్‌కు కూడా. తన ఫ్లాస్కు తనే తెచ్చుకుని, బల్ల మీద కెజ్జీ ఫైలు పరుచుకుని ఒక్కో కాగితం తిప్పింది. సగం దాకా తల ఊపుతూ తిప్పింది. తర్వాత ఊపడం ఆపేసింది.

"అమ్మాయ్, వెళ్లి ఆ కోళ్లకి నీళ్లు పెట్టి రా" అంది.

"పొద్దున్నే పెట్టా, టీచర్."

"మళ్లీ పెట్టు. దాహమేస్తుంది వాటికి."

కెజ్జీ వెళ్లాక ఆవిడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి అక్టోబరుది, ఒకటి పోయిన వారానిది. "చూడు, వెండెల్."

పోయిన వారం రాతలో ప్రతి గీతా సన్నగా అదురుతోంది. గుండ్రటి అక్షరాల అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. చరిత్ర జవాబులూ అంతే. దేశపటం మీద రాసిన నదుల పేర్లూ అంతే.

"మొదట నీ రాత దానికి అంటుకుందేమో అనుకున్నా" అంది ఆవిడ. "కానీ ఇది నీ రోగం కాదు. నీ అక్షరాలు తాగినవాడిలా ఉంటాయిగానీ వణకవు." తర్వాత గొంతు తగ్గించింది. "లోయిస్ వాళ్ల మేనమామకీ ఇదే కదా. డాక్టరుకి చూపించు. ఆలస్యం చెయ్యకు. జూన్‌లో వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టలేనబ్బాయ్. పిల్ల బాగానే ఉందని రాసివ్వాలి కదా. బాగాలేని పిల్లని బాగుందని ఎలా రాస్తాను?"

ఆవిడ కారు వెళ్లిపోయిన చప్పుడు కూడా వెండెల్‌కు వినపడలేదు.

ఆ మధ్యాహ్నం అతను చికెన్, మొక్కజొన్న సూపు కాచాడు. కెజ్జీ గిన్నెలో అంచుదాకా పోశాడు, ఇంకొక్క చుక్క పడితే పొర్లేలాగా.

"ఇంత పోశావేంటి నాన్నా?"

"తీసుకెళ్లి బల్ల మీద పెట్టు."

ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుని నడిచింది. నీటి చెలమలా నిలకడగా ఉంది సూపు. అతను రెండో గిన్నె కూడా అలాగే పంపి, మూడోది నింపాడు. "ఇదీ పట్టుకెళ్లు. ఒంటిచేత్తో."

"మనం ఇద్దరమే కదా. మూడో గిన్నె కూడా పోస్తున్నావా?"

"మాట్లాడకుండా నడు."

ఒక్క చుక్క ఒలకలేదు. సూది తెచ్చి దారం ఎక్కించమన్నాడు. మొదటిసారికే ఎక్కించింది. చెయ్యి చాపి వేళ్లు విప్పమన్నాడు. అవి పలక మీద బలపాల్లా కదలకుండా ఉన్నాయి.

"నాన్నా, నీకేమైంది?" అంది కెజ్జీ.

అతను బూట్ల పెట్టె దగ్గరికి వెళ్లాడు. దాదాపు ఏడాదిలో మొదటిసారి మూత తీశాడు. పైనున్నది నూట అరవై తొమ్మిదో కాగితం. నిన్న రాసింది. లోయిస్ వాక్యం పైన, కెజ్జీ వాక్యం కింద. పిల్ల విడిగా రాసిన కాగితాన్ని దాని మీద పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. లోయిస్ ఎన్నోసార్లు చేయగా చూశాడుగానీ తను చెయ్యడం అదే మొదలు.

అక్షరం అక్షరం మీద కూర్చుంది. వణుకు వణుకు మీద కూర్చుంది. లోయిస్ చెయ్యి ఎక్కడ అదిరి పక్కకు జరిగిందో పిల్ల గీత సరిగ్గా అక్కడ, అంతే దూరం, అటువైపే జరిగింది. ఒక చోట లోయిస్ పెన్సిలు జారి చిన్న తోకలా లాగేసింది. ఆ తోక కూడా ఉంది.

వెండెల్ ఊపిరి వదిలాడు. పిల్లకి ఏ జబ్బూ లేదు.

"కెజ్జీ, ఇలా రామ్మా. ఇది ఎందుకు ఇలా రాశావు?"

"అలాగే ఉంది కదా."

"అమ్మ చెయ్యి బాగాలేక అలా వచ్చింది."

"తెలుసు." ఆ పిల్ల తండ్రి వైపు, ఇంత చిన్న విషయం చెప్పాల్సి వస్తుందా అన్నట్టు చూసింది. "నా చెయ్యి వణకట్లేదు. నేను వణుకు రాస్తున్నా. కష్టం నాన్నా అది. ముందు పెన్సిలు బిగించి పట్టుకోకూడదు. అమ్మకి పైకి వెళ్లేటప్పుడు ఎక్కువ వణుకుతుంది, కిందికి వచ్చేటప్పుడు తక్కువ. నూట ఇరవై నుంచి మొదలు. నూట నలభైలో ఎక్కువైంది. ఉన్నది ఉన్నట్టు రాయమంది కదా."

"తిన్నగా రాసి ఉండొచ్చు కదమ్మా."

"తిన్నగా రాస్తే అది నా రాత. నా రాత నాకెందుకు?"

వెండెల్ అరిచేవాడైతే అరిచి ఉండేవాడు. పెన్సిలు చేతికిచ్చి, "నీ పేరు రాయి. అమ్మ రాత కాదు. తిన్నగా" అన్నాడు.

కెజ్జీ రాసింది. మొదటి అక్షరం నుంచే గీత అదిరింది. కొట్టేసి మళ్లీ రాసింది. మళ్లీ అదిరింది. మూడోసారి నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పెన్సిలు గట్టిగా పట్టి, నెమ్మదిగా రాసింది. అదే వణుకు. సూపు గిన్నె మోసిన చెయ్యే అది. పెన్సిలు పట్టుకుంటే మాత్రం లోయిస్ చెయ్యి అయిపోతోంది.

"నాన్నా, తిన్నగా రావట్లేదు" అంది. అప్పుడు మొదటిసారి భయపడింది.

వెండెల్ పిల్లని డాక్టరుకు కూడా చూపించాడు. డాక్టరు మోకాలి మీద సుత్తితో కొట్టి చూసి, ఏమీ లేదన్నాడు. ఇంటికొచ్చి అల్‌టౌస్ టీచరుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పాడు.

"ఎన్ని కాగితాలున్నాయి ఇంకా?" అంది ఆవిడ.

"ముప్పై ఒకటి."

"అన్నీ ఇంతకంటే వణుకా?"

"చూడలేదు, టీచర్. కింద ఉన్నవి ఎక్కువే ఉంటాయి."

"పెట్టె దాచెయ్. అచ్చు పుస్తకం కొను."

అనేశాక తన మాట తనకే వినపడినట్టుంది ఆవిడకి.

"సరే, దాచొద్దు" అంది. "ఇంకో దారుంది. తొమ్మిది నిండాయి కదా దానికి. చూచిరాత అయిపోయాక డిక్టేషనే కదా ఎలాగూ. ఆ రాత పిల్ల కంట పడకూడదు, అంతే. మాట చెవిన పడితే తప్పులేదు. కాగితం చదివి చెప్పాలి, పిల్ల విని రాయాలి."

"ఎవరు చదవాలి?"

"మరెవరు? ఆవులా?"

కెజ్జీ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు అన్నం మానేసింది. రెండో రోజు బేరానికి దిగింది: "చదివేశాక నేను ఒక్కసారి చూస్తా. ఒక్కసారే."

"చూస్తే చెయ్యి పట్టేస్తుంది."

"మరి నువ్వు చూస్తావు కదా!"

"నా చెయ్యి ఎటూ బాగుపడేది కాదు. చివర్లో అన్నీ నీకే ఇస్తా. నీ రాత కుదుటపడ్డాక."

"ఒట్టా?"

"ఒట్టు."

మర్నాడు నూట డెబ్భైయ్యో కాగితం అతను తన వైపు తిప్పుకుని పట్టుకున్నాడు. పిల్ల పెన్సిలు పట్టి ఎదురుచూసింది. మొదటి మాట అర్థమైంది. రెండోది కాలేదు. లోయిస్ అయితే వేలితో గాలిలో గీసి చదివేసేది. అతను కాగితాన్ని దగ్గరికి, దూరానికి జరిపాడు. చివరికి ఏదో చదివాడు. కెజ్జీ తలెత్తి, "అమ్మ అలా అనదు" అంది. మళ్లీ చూశాడు. అలా అనలేదు.

అందుకని ముందు రోజే కాగితం జేబులో పెట్టుకుని డ్యూటీకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. పంపు పాలు తోడే పదిహేను నిమిషాలూ పాలగది బల్బు కింద నిలబడి, లోయిస్ వాక్యాన్ని మాట మాటగా విడదీసేవాడు. మొదటి డెయిరీలో అర్థం కానిది నాలుగో డెయిరీలో అర్థమయ్యేది. ఒక్కోసారి పద్నాలుగో దాకా వెంటపడేది.

ఆర్డెన్ బిట్నర్ ఒకరోజు చూశాడు. "ఏంట్రా వెండెల్, పాలు నిండిపోయినా కదలవు. ప్రేమలేఖా?"

"చూచిరాత, బాబాయ్."

"ఈ వయసులోనా! ముప్పై ఏళ్ల కిందటే మొదలెట్టి ఉంటే నా పాలు ఉడికేవి కావు కదరా." తర్వాత కాగితం మీదికి వంగి, ఎవరి రాతో గుర్తుపట్టి, టోపీ సర్దుకున్నాడు. "గొట్టం నేను విప్పుతాలే. నువ్వు చదువుకో" అన్నాడు.

నూట ఎనభై మూడో కాగితం మూడో డెయిరీలోనే అర్థమైంది. "మలుపు దగ్గర ట్యాంకరు గేరు మార్చిన చప్పుడు వినగానే సూపు పొయ్యి మీద పెడతాం. ఆయన చేతులు కడుక్కునేసరికి అది కాగుతుంది." వెండెల్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి డెయిరీలో మళ్లీ తీశాడు. మిగిలిన పదకొండు చోట్లా తీశాడు. పదేళ్లు అతను ఆ మలుపులో గేరు మార్చాడు. ఇంటికి రాగానే సూపు వేడిగా ఉండేది. అది ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుందనుకునేవాడు. ఆమె ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉండేదని తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాడో కూడా తెలియదు.

బల్ల దగ్గర దాన్ని చదువుతూ "వినగానే" దగ్గర ఆగిపోయాడు.

"తర్వాత, నాన్నా?"

"వినగానే."

"అది రాసేశా. తర్వాత?"

అతను మొత్తం మళ్లీ మొదటి నుంచి చదివాడు. కెజ్జీ పెన్సిలు పక్కన పెట్టి విని, మళ్లీ తీసుకుని, మిగిలింది రాసింది.

రాత మారడం ఒక్కసారి జరగలేదు. మే మధ్యకు వణుకు కిందికి వచ్చే గీతల్లో పోయింది, పైకి వెళ్లే గీతల్లో ఉంది. మే చివరికి పోయింది. వచ్చిన రాత లోయిస్‌ది కాదు. వెండెల్‌ది అసలే కాదు. కాస్త వెనక్కి వాలినట్టు, అక్షరానికి అక్షరానికి మధ్య చోటు వదిలి, ఎవరి ఇంటి నుంచో వచ్చిన పిల్ల రాసినట్టు ఉంది. కెజ్జీ తన కాగితాన్ని చూసుకునేది. మూత పెట్టిన బూట్ల పెట్టె వైపు చూసేది.

జూన్ ఇరవయ్యో తేదీన అల్‌టౌస్ టీచరు వచ్చింది. ఏప్రిల్ కాగితాలు, జూన్ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "అందంగా లేదు, కానీ నిలబడింది" అంటూ సంతకం పెట్టింది. కాఫీ తాగుతూ, "ఆ పెట్టె పిల్లకి ఇస్తానన్నావట" అంది.

"ఇస్తాను, టీచర్. ఒక్కటి మిగిలింది."

మిగిలింది రెండు వందలోది. వెండెల్ దాన్ని తొమ్మిది రోజులు పద్నాలుగు డెయిరీలూ తిప్పాడు. గాలిలో వేలితో గీశాడు. ఆర్డెన్ బాబాయ్‌కి చూపించాడు, ఆయన కళ్లజోడు మార్చి చూసి, "నా వల్ల కాదురా" అన్నాడు. అది రాతలా లేదు. గాలివాన పోయాక పొలంలో పడుకున్న గోధుమలా ఉంది. ఒకటి రెండు చోట్ల అక్షరమేమో అనిపించేది, పట్టుకోబోతే జారిపోయేది.

టీచరు కారు వెళ్లాక అతను ఆ కాగితాన్ని బల్ల మీద కెజ్జీ ముందు పెట్టాడు.

"ఇది నాకు రాలేదమ్మా."

కెజ్జీ వెంటనే ముట్టుకోలేదు. రెండు చేతులూ లంగా మీద తుడుచుకుంది. "చూడొచ్చా?"

"చూడు. రాయొద్దు. చూసి చెప్పు. నేను రాస్తా."

ఆ పిల్ల వంగి చూసింది. వేళ్లు బల్ల మీద సన్నగా కదిలాయి, పైకి వెళ్లేటప్పుడు ఎక్కువ, కిందికి వచ్చేటప్పుడు తక్కువ. అరనిమిషం పట్టలేదు. ఫక్కున నవ్వింది.

"ఏంటి?"

"రాసుకో. 'ఉడికించి బీట్రూట్ రసంలో వేసిన గుడ్లు మూడు రోజులు ఊరాలి.'"

వెండెల్ రాశాడు. క్యాపిటల్ అక్షరాలు, కింద నుంచి పైకి. కెజ్జీ అతను ముగించే దాకా ఆగి, రెండో వాక్యం నెమ్మదిగా చదివింది.

"'రెండో రోజే జాడీ మూత తీసేవాడు మన ఇంట్లో ఒకడున్నాడు. మనం చూడనట్టు ఉంటాం.'"

కిటికీ అవతల బిట్నర్ల కోళ్లు దేనికో గోల పెట్టాయి. వెండెల్ పెన్సిలు కాగితం మీదే ఉంది. కదలడం లేదు. అతను తల ఎత్తలేదు.

"మళ్లీ చదవనా నాన్నా?" అంది కెజ్జీ.

"చదువు" అన్నాడు. అప్పటికే అంతా రాసేశాడు.